పప్పు ఉడకని నీళ్ళు, రంగు చేపలు



ఈసారి మిర్చి గురించీ కాదు, పత్తి గురించీ కాదు. అద్దాల తొట్టిలో పెంచే రంగు చేపల గురించి. "వీడికి పనేం లేదా" అనుకునేవాళ్ళు అనుకోండి, కానీ కాస్త ఓపిగ్గా చదవండి. ఇందులో ముప్పాతిక భాగం నీళ్ళ సంగతే. నీళ్ళ గురించి మనకంటే ఎక్కువ ఆలోచించేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి.

పోయిన నెలలో ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే మాట. "అన్నా, పిల్లలు గొడవ చేస్తే అక్వేరియం కొన్నాం. వారానికి రెండు చొప్పున చేపలు చచ్చిపోతున్నాయి. మందేమన్నా ఉందా?" మందు లేదు. చేపలకి జబ్బు చేసి చావట్లేదు, వాటిది కాని నీళ్ళలో, వాటికి పడని చేపల పక్కన పెట్టడం వల్ల చస్తున్నాయి. ముగ్గురికీ విడివిడిగా చెప్పాను. అందరికీ ఒకచోట ఉంటుందని రాస్తున్నా.

విత్తనం కొనేటప్పుడు మనం ముందు నేల చూస్తాం. నల్లరేగడా, ఎర్ర చెలకా, చవుడా అని. ఆ తర్వాత నీటి వసతి. ఆ తర్వాతే రకం. అంతర పంట వేస్తే రెండోది మొదటిదాన్ని మింగెయ్యకుండా చూసుకుంటాం. చేపల తొట్టికీ ఇదే వరస. మన ఇంట్లో ఏ నీళ్ళున్నాయి, ఆ నీళ్ళకి ఏ చేపలు పుట్టాయి, అందులో ఏవి ఒకదాన్నొకటి తినకుండా కొరక్కుండా ఉంటాయి. షాపులో మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. ముందు రంగు, తర్వాత బేరం, నీళ్ళ ఊసే ఉండదు.

మా ఇంట్లోకి తొట్టి ఎందుకొచ్చిందో చెప్తా. మా నాన్నకి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముప్పావు వంతు పోయింది. బతుకంతా కాలవ గట్ల మీద తిరిగిన మనిషి. సాగర్ కాలవకి నీళ్ళు వదిలిన రోజు ఇంట్లో ఉండేవాడు కాదు, వల భుజానేసుకుని పోయి పరిగెలో జెల్లలో పట్టుకొచ్చేవాడు. అలాంటాయన వరండాలో మంచం మీద గోడకేసి చూస్తూ కూర్చుంటే చూడలేక, మా తమ్ముడు పట్నం నుంచి మూడడుగుల తొట్టి తెచ్చి ఆయన ఎదురుగా పెట్టాడు. చేపలు కూడా అక్కడే కొన్నాడు. షాపతను తనే ఏరి ఇచ్చాడట. నియాన్ టెట్రాలు 10, ఏంజెల్ చేపలు 2, టైగర్ బార్బులు 4, నల్ల మోలీలు 4, గోల్డ్ ఫిష్ 2, అద్దానికి మూతి అంటించుకుని ఉండే సక్కర్ చేప 1. "అన్నీ కలిసే ఉంటాయి, భయం లేదు" అన్నాడట.

నాన్న పొద్దున్నే లేచి ఎడం చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు. మొదటి రోజు 23. నాలుగో రోజు 19. పది రోజులకి 15. ఐదు వారాలు తిరిగేసరికి నియాన్ ఒక్కటీ లేదు. ఒకరోజు "ఎన్ని నాన్నా?" అని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ తొట్టి తీసి అవతల పడెయ్యమంది. ఆ రోజు నుంచి ఇది నాకు సరదా వ్యవహారం కాకుండా పోయింది.

అసలేం జరిగిందో విడదీసి చూద్దాం.

మాది పల్నాడు. భూమి కింద సున్నపురాయి. పిడుగురాళ్ళ సున్నం బట్టీల సంగతి మీకు తెలిసిందే. ఆ రాతిలో ఊరిన నీళ్ళు బోరులోకి వస్తాయి. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు, బకెట్టుకి తెల్లగా పొర కడుతుంది. బడి పుస్తకంలో దీన్నే కఠిన జలం అన్నారు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉన్న నీళ్ళు. అవి తక్కువగా ఉంటే మృదు జలం. వాన నీళ్ళు అన్నిటికంటే మృదువు. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మా బోరుది 480. మనిషి ఎలాగో తాగేస్తాడు.

నియాన్ టెట్రా పుట్టిన చోటు అమెజాన్ పైభాగం, దక్షిణ అమెరికా. అక్కడ అడవి కింద పారే వాగుల్లో వాన నీళ్ళూ రాలిన ఆకులూ తప్ప కరగడానికి సున్నం లేదు. దాని అన్న వరసయ్యే కార్డినల్ టెట్రా రియో నెగ్రో నదిది. పేరుకి తగ్గట్టే ఆ నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉంటాయి, ఆకుల కషాయం దిగి. పులుపు కూడా ఎక్కువే, పిహెచ్ 5 దగ్గర, ఒక్కోచోట అంతకంటే కిందకి ఉంటుంది. అలాంటి నీళ్ళకి లక్షల ఏళ్ళుగా అలవాటుపడిన ఒళ్ళు అది. ఫారంలో పుట్టిన నియాన్లు కొంత ఓర్చుకుంటాయి, నిజమే. కానీ 480 అంటే ఓర్పు సంగతి కాదు. అదీ ఒక్క గంటలో, ప్లాస్టిక్ కవరు కోసి బోరు నీళ్ళలో గుమ్మరిస్తే.

అదే తొట్టిలో నల్ల మోలీలు మాత్రం ఏమైనాయనుకున్నారు? పిల్లలు పెట్టినాయి! మోలీ, గప్పీ, ప్లాటీ, స్వోర్డ్ టెయిల్, ఈ పిల్లల్ని కనే జాతులన్నిటికీ సున్నం నీళ్ళే ఇష్టం. వాటిని మృదువైన నీళ్ళలో వేస్తే రెక్కలు ముడుచుకుని ఒకచోటే నిలబడి ఊగుతుంటాయి, తర్వాత చస్తాయి. అంటే ఒకే తొట్టిలో మోలీ, నియాన్ రెండూ సుఖంగా ఉండే నీళ్ళు లేవు. ఒకదానికి ఇంపైతే ఇంకోదానికి కంపు. ఇది తెలియని షాపు ఉండదు. తెలిసీ కలిపి అమ్ముతారు. ఎందుకంటే చచ్చిన చేప స్థానంలో ఇంకో చేప కొంటాం కదా మనం.

నీళ్ళకి తట్టుకున్న నియాన్లు మూడు నాలుగు మిగిలాయి. వాటిని ఏంజెల్ మింగింది. ఏంజెల్ షాపులో రూపాయి బిళ్ళంత ఉంటుంది, ముద్దుగా, నెమ్మదిగా తిరుగుతూ. పెరిగితే అరచేతి మందం దాటుతుంది. నోట్లో పట్టిన ప్రతిదీ దానికి మేతే. పైగా అడవిలో కూడా దాని ఆహారంలో ఇలాంటి చిన్న చేపలు ఉన్నాయి. రాత్రిపూట లైటు ఆపాక తింటుంది కాబట్టి పొద్దున చూస్తే చేప ఉండదు, శవమూ ఉండదు. కొర్రమీను పిల్లల్ని బొచ్చె పిల్లల్లో కలిపి వదిలితే ఏమవుతుందో మనలో ఎవరికి తెలియదు?

ఆ ఏంజెల్‌ని టైగర్ బార్బులు పీక్కుతిన్నాయి. దాని పొడుగు రెక్కల కొసలు కొరికి కొరికి చీపురు చేశాయి. టైగర్ బార్బు చెడ్డదేం కాదు. ఎనిమిదీ పదీ కలిపి వేస్తే వాటిలో అవే తరుముకుంటూ ఉంటాయి. నాలుగే వేస్తే పక్కవాటి మీద పడతాయి. పొడుగు రెక్కల చేప పక్కన అసలు వెయ్యకూడదు. గోల్డ్ ఫిష్‌ది ఇంకో కథ. దానికి చల్ల నీళ్ళు కావాలి, తిండి ఎక్కువ, మురికి అంతకంటే ఎక్కువ. దాన్ని ఏ కలివిడి తొట్టిలోనూ వెయ్యొద్దు. అంతే.

సక్కర్ చేప గురించి మాత్రం ఆగి చెప్పాలి. అద్దం మీది నాచు తింటుందని అమ్ముతారు. వేలంత ఉన్నది అడుగు దాకా పెరుగుతుంది, కొన్ని ఇంకా ఎక్కువే. పెరిగాక తొట్టిలో పట్టక జనం ఏం చేస్తారు? తీసుకెళ్ళి చెరువులోనో కాలవలోనో వదులుతారు. పుణ్యం అనుకుంటారు! ఆంధ్రాలో, తెలంగాణలో చెరువుల్లో ఇప్పుడు వలకి చిక్కుతున్న, జనం దెయ్యం చేప అంటున్న జాతి ఇదే. ఒళ్ళంతా పెంకు, రెక్కకి ముల్లు, వల చింపుతుంది. గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఒడ్డున పడేసినా గంటల తరబడి చావదు. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. చేపల చెరువు ఉన్నవాళ్ళు దీని పేరు చెప్తేనే మండిపడుతున్నారు. మా తమ్ముడి కొడుకు కూడా "పెదనాన్నా, కాలవలో వదిలేద్దాం, పాపం" అన్నాడు. ఒప్పుకోలేదు. బస్సెక్కి పోయి అదే షాపులో తిరిగి ఇచ్చొచ్చాను. డబ్బులివ్వలేదనుకోండి, నేనూ అడగలేదు. ఏంజెల్, బార్బులు, గోల్డ్ ఫిష్ తెలిసినవాళ్ళ పెద్ద తొట్లకి వేరువేరుగా పోయాయి. మోలీల్ని పెరట్లో సిమెంటు గోళెంలో బోరు నీళ్ళు పోసి వదిలాం. అవి ఇప్పుడు ఎన్నో లెక్క లేదు. గోళెంలో దోమ పిల్లలు లేకుండా చేస్తున్నాయి, అదొక లాభం.

ఇక్కడే చాలామందికి ఒక సలహా. మీ బోరు కూడా మాలాంటిదైతే, వేరే నీళ్ళ కోసం పాకులాడే ఓపిక లేకపోతే, మోలీలు, గప్పీలు, ప్లాటీలు పెంచండి. హాయి. ఉప్పు నేలలో ఉప్పుకి తట్టుకునే వరి వేసినట్టు. అందులో తక్కువతనం ఏమీ లేదు.

కానీ నాన్నకి కావలసింది గుంపుగా కదిలే చేపలు. కాలవలో పరిగెల గుంపు ఒక్కసారి తిరిగితే వెండిలా మెరుస్తుంది చూడండి, అది. అందుకని మృదువైన నీళ్ళ తొట్టే కడదామని కూర్చున్నాం.

నీళ్ళు ముందు. కొలవడానికి చుక్కల మందు దొరుకుతుంది, ఆన్‌లైన్లో. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని చుక్క చుక్కా వెయ్యాలి. ఎర్రగా ఉన్నది ఆకుపచ్చకి తిరిగేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే దాదాపు 18 మిల్లీగ్రాములు. మా బోరు నీళ్ళకి 27 చుక్కలు పడ్డాయి! మనకి కావలసింది 3 నుంచి 6. అందరి దగ్గరా ఉండే టిడిఎస్ పెన్నుతో ఇది తెలియదు. అది అన్ని లవణాలూ కలిపి చూపిస్తుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో కఠినత్వం పరీక్ష చేస్తారు, అక్కడా చూపించుకోవచ్చు.

కొందరు కఠిన నీళ్ళలో నిమ్మరసమో యాసిడో పోసి పిహెచ్ తగ్గిస్తారు. రాత్రికి తగ్గుతుంది, పొద్దున మళ్ళీ ఎక్కుతుంది. నీళ్ళలో ఉన్న సున్నం ఆ పులుపుని తినేస్తుంది. రేగడి నేల గుణం ఒక బస్తా ఎరువుతో మారుతుందా? ఆ ఎగుడుదిగుడులో చేప చస్తుంది. సున్నం తగ్గించాలంటే సున్నం లేని నీళ్ళు కలపడం ఒక్కటే దారి.

అవి మనకి రెండు చోట్ల దొరుకుతాయి. ఒకటి వాన. రెండు, ఊళ్ళో మినరల్ వాటర్ ప్లాంటు, 20 లీటర్ల క్యాన్. లెక్క చాలా తేలిక. ఒక వంతు బోరు, ఐదు వంతులు వాన నీళ్ళు. 480ని ఆరుతో భాగిస్తే 80. నాలుగున్నర డిగ్రీలు. మా తొట్టి మూడడుగుల పొడుగు, అడుగుంపావు వెడల్పు, అంతే ఎత్తు. ఇసుక, పైన ఖాళీ తీసేస్తే 110 లీటర్ల నీళ్ళు. వారానికి 24 లీటర్లు మారుస్తాం. అంటే 20 లీటర్ల క్యాన్ ఒకటి, 4 లీటర్ల బోరు నీళ్ళు. 200 లీటర్ల డ్రమ్ము వాన నీళ్ళు పట్టి పెట్టుకుంటే పది వారాలు వస్తుంది.

మరి పూర్తిగా వాన నీళ్ళే పోస్తే? వద్దు. సున్నం బొత్తిగా లేకపోతే నీళ్ళకి నిలకడ ఉండదు. ఇసుక నేల చూడండి, చిటికెడు వేస్తే చాలు గుణం మారిపోతుంది. చేపల మురికి వల్ల పులుపు పెరుగుతూ పోయి ఒకరోజు ఉన్నట్టుండి పిహెచ్ పడిపోతుంది. ఆ కొంచెం బోరు నీళ్ళు అందుకే.

వాన నీళ్ళు పట్టేటప్పుడు మన ఊళ్ళలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది, పట్నం వాళ్ళు రాసేవాటిల్లో ఇది కనపడదు. పొలాల్లో మందు కొట్టే కాలమూ వానాకాలమూ ఒకటే. ఆ తుంపర గాలికొచ్చి డాబాల మీద పడుతుంది. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటి మందులు పురుగుని ఎలా చంపుతాయో చేపని అంతకంటే తేలిగ్గా చంపుతాయి. కాబట్టి మొదటి వాన, వీలైతే రెండో వాన కూడా పోనివ్వాలి. డాబా కడిగిపోయాక పట్టాలి. సిమెంటు తొట్టిలో నిలవ ఉంచకూడదు, సిమెంటులో సున్నం మళ్ళీ దిగుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము, దానికి మూత. కాలవ నీళ్ళు నేను వాడను, పై పొలాల మందులన్నీ అందులోకే వస్తాయి. మందు కొట్టి వచ్చిన చేతులు ఎంత కడిగినా ఆ రోజు తొట్టిలో పెట్టొద్దు. తొట్టి ఉన్న గదిలో దోమల లిక్విడ్ కూడా పెట్టొద్దు, అందులో ఉండేదీ ఆ జాతి మందే.

తొట్టిలో అలంకారానికి రాళ్ళు పెడతాం కదా. మాచర్ల వైపు నాపరాయి ముక్కలు అందంగా ఉంటాయి, చేతికి అందుబాటులో ఉంటాయి. పెట్టకండి. అది సున్నపురాయే, మెల్లగా కరుగుతూ మీరు పడిన శ్రమంతా పోగొడుతుంది. గవ్వలు, ఆల్చిప్పలూ అంతే. ఏ రాయైనా నిమ్మరసం పిండి చూడండి, బుడగలు పొంగితే పనికిరాదు. ఇసుక కూడా అలాగే చూసుకోవాలి.

నీళ్ళు సిద్ధమయ్యాక వెంటనే చేపలు వెయ్యలేదు. నెలంపావు ఖాళీగా నడిపించాం, స్పాంజి ఫిల్టరు పెట్టి, రెండు రోజులకోసారి చిటికెడు మేత వేస్తూ. "ఆయనకి ఖాళీ నీళ్ళు చూపిస్తార్రా" అని అమ్మ తిట్టింది. కారణం ఉంది. చేప విసర్జించేది అమ్మోనియా. దాన్ని మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా సంగతి మనకి యూరియాతో అలవాటే. క్షార గుణం ఉన్న నేలలో పైపైన చల్లిన యూరియా ఘాటుగా ఆవిరైపోతుంది కదా, నీళ్ళలోనూ అంతే. పిహెచ్ 7 లోపు ఉంటే అమ్మోనియాలో ఎక్కువ భాగం విషం తక్కువున్న రూపంలో ఉంటుంది, పిహెచ్ ఎక్కితే మొప్పల్ని కాల్చే రూపంలోకి మారుతుంది. మృదువైన నీళ్ళ తొట్టిలో మురికి పేరుకున్నాక ఒకేసారి సగం బోరు నీళ్ళు పోసేవాళ్ళకి చేపలన్నీ ఒక్క పూటలో పోయేది ఇందుకే. కొంచెం కొంచెంగా మార్చాలి, ఎప్పుడూ అదే కలగలుపుతో.

ఇప్పుడు చేపలు. మన చెరువులో మనం ఏం చేస్తాం? పైన మేసే బొచ్చె, మధ్యలో మేసే శీలావతి, అడుగున మేసే ఎర్రమోసు. మూడూ ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టదు. తొట్టికి కూడా మూడు అంతస్తులు ఉన్నాయి. అందులో నోటిలో పట్టేంత తేడా లేని చేపలు, గుంపు జాతులైతే గుంపుగానే.

నడిమి అంతస్తుకి హార్లెక్విన్ రాస్‌బోరాలు 10 తీసుకున్నాం. మలేసియా, సుమత్రా అడవి వాగుల చేప. రాగి రంగు ఒళ్ళు, తోకవైపు నల్ల త్రికోణం. అంగుళంన్నర ఉంటుంది. నియాన్ ఎందుకు వద్దన్నానంటే, దానికి 25 డిగ్రీల లోపు వేడి హాయి. మన వేసవిలో ఇంట్లో నీళ్ళే 31, 32 అవుతాయి. అలాంటి రంగే కావాలంటే కార్డినల్ మేలు, అది వెచ్చటి నీళ్ళ చేప. ఇప్పటికీ బ్రెజిల్లో బార్సెలోస్ అనే ఊరి చుట్టుపక్కల నదిలో పట్టి ప్రపంచమంతా పంపుతారు, ఎంతోమందికి అదే జీవనం. మన వేటపాలెం వాళ్ళకి సముద్రం ఎలాగో వాళ్ళకి అది అలాగ. కానీ కార్డినల్‌ని కొత్త తొట్టిలో వెయ్యకూడదు, ఆరు నెలలు నిలకడగా నడిచాకే. మేం ఇంకా వెయ్యలేదు.

పై అంతస్తుకి తేనె గురామీలు 3, ఒక మగ, రెండు ఆడ. ఇది మన దేశపు చేపే, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాలది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన గంగానది చేపల మీద పుస్తకం అచ్చువేశాడు. మన బొచ్చెకీ, శీలావతికీ, ఈ తేనె గురామీకీ శాస్త్రం పేర్లు పెట్టింది ఆ ఒక్క పుస్తకంలోనే. కొర్రమీను లాగే ఇది కూడా పైకొచ్చి గాలి మింగుతుంది, అందుకని కరెంటు పోయి గాలి మోటరు ఆగినా కాసేపు తట్టుకుంటుంది. షాపులో దీని బదులు మామూలు పెద్ద గురామీలు అంటగడతారు, జాగ్రత్త. అవి పెరిగి మిగతావాటిని తరుముతాయి.

అడుగుకి కోరీలు 6. దక్షిణ అమెరికా చేప, మూతికి మీసాలు, ఇసుకలో మూతి పెట్టి కెలుకుతూ ఉంటుంది. గరుకు కంకర వేస్తే ఆ మీసాలు అరిగి పుండు పడతాయి, మెత్తని ఇసుకే ఉండాలి. లైటు ఆపే ముందు మునిగే గుళికల మేత విడిగా వెయ్యాలి, పైనవాళ్ళ ఎంగిలి మీద బతకవు. వాటికి తోడు పాములాగా సన్నగా చారలుండే కూలీ లోచ్‌లు 5. పగలు దాక్కుంటాయి, చీకటి పడితే బయటికొస్తాయి. రాత్రి నిద్రపట్టని నాన్నకి అవి మంచి తోడు.

కోరీలు వదిలిన రోజు ఆయన చాలాసేపు చూసి, ఎడం చెయ్యెత్తి చూపించి, "జెల్ల" అన్నాడు. స్పష్టంగా. మీసాలు చూసి అన్నాడు. చాన్నాళ్ళ తర్వాత ఆయన నోట చేప పేరు వినడం అదే.

చేపల్ని తెచ్చినరోజు తొందరపడొద్దు. కవర్లో నీళ్ళని ఒక టబ్బులో పోసి, పావుగంటకోసారి గ్లాసుడు తొట్టి నీళ్ళు కలుపుతూ గంటా గంటన్నర. వీలైతే రెండు మూడు వారాలు విడి టబ్బులోనే ఉంచి చూడాలి. కొత్త గొర్రెని తెచ్చిన రోజే మందలో కలుపుతామా? మాకు ఆ టబ్బులోనే హార్లెక్విన్లు రెండు పోయాయి, మళ్ళీ రెండు తెచ్చాం. తొట్టిలోకి వెళ్ళాక ఈ ఎనిమిది నెలల్లో ఒక కూలీ లోచ్ మాత్రం ఎగిరి బయటపడి పోయింది. మూత సందు లేకుండా ఉండాలి.

వేసవి సంగతి ఒకటి మిగిలింది. నీళ్ళు వేడెక్కకుండా చిన్న టేబుల్ ఫ్యాను నీటి మీదికి తిప్పి పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ నీళ్ళు రోజూ కొంత ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరే, సున్నం తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన నీళ్ళని బోరు నీళ్ళతో నింపుతూ పోతే రెండు నెలల్లో మళ్ళీ పప్పు ఉడకని నీళ్ళే. ఎండాకాలం పొలంలో చవుడు పైకి తేలినట్టే ఇది. కాబట్టి ఆవిరికి తగ్గింది నింపడానికి ఒట్టి వాన నీళ్ళు గానీ ప్లాంటు నీళ్ళు గానీ. వారం వారం మార్చేటప్పుడు మాత్రం ఒకటికి ఐదు.

బాదం ఆకుల్ని ఆన్‌లైన్లో ప్యాకెట్ కట్టి అమ్ముతున్నారు! మన బడి ఆవరణల్లో, గుళ్ళ దగ్గర ఎర్రబడి రాలి ఊడ్చి తగలబెట్టే ఆకులే. ఎండినవి రెండు కడిగి తొట్టిలో వేస్తే నీళ్ళు లేత డికాషన్ రంగుకి వస్తాయి, కాస్త పులుపు దిగుతుంది, ఈ చేపలకి సొంతింట్లో ఉన్నట్టు ఉంటుంది. మందు పడని చెట్టువైతే చాలు. డబ్బులు పెట్టి కొనకండి.

డిస్కస్ చేప గురించి ఒకతను అడిగాడు. ఖరీదు ఎక్కువ, 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి, రోజు మార్చి రోజు నీళ్ళు మార్చాలి. వ్యవసాయం చేసుకునేవాడికి కుదరదు.

తొలకరికి ఇంకా నెల రోజులుంది. డ్రమ్ము కడిగి ఎండబెట్టాను, డాబా గొట్టానికి జల్లెడ గుడ్డ కట్టాలి. మా ఊరి మీదుగా వెళ్ళేవాళ్ళు ఎవరైనా మీ బోరు నీళ్ళు ఒక లీటరు సీసాలో పట్టుకు రండి. చుక్కల మందు ఇంకా సగం ఉంది. ఎన్ని చుక్కలకి తిరుగుతుందో మీ ముందే చూసి, ఎన్ని బిందెలకి ఎన్ని బిందెలు కలపాలో లెక్క కట్టి ఇస్తా. సాయంత్రం ఐదు దాటాక అయితే ఇంట్లోనే ఉంటా.